తెగని బేరం

4, బుధవారం

ఈ డైరీ అల్లుడిది. పోయినేడాదిది. వాళ్ళ ఆఫీసులో ఊరికే ఇచ్చారట, ఒక్క అక్షరం రాయలేదు. పాత కాగితాలవాడికి వేయబోతుంటే తీసుకున్నాను. ఇందులో తేదీకీ వారానికీ పొంతన లేదు. వారం కొట్టేసి రాసుకుంటున్నాను.

నాకు రాసే అలవాటు లేదు. మాట్లాడే అలవాటూ లేదు. ఇద్దరి మాటా మా ఆవిడే మాట్లాడేది. ఇప్పుడు ఆవిడకి మాట పోయింది. ఎక్కడో ఒకచోట పెట్టుకోవాలి గదా.

ఇవాళ డాక్టరు చూశాడు. కుడి చెయ్యి, కుడి కాలు ఇక ఇంతేనట. చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి తిప్పొచ్చట. మాట సంగతి అడిగితే, "పక్షవాతం వచ్చి ఇన్నాళ్ళయినా రాలేదంటే ఇక రాదనుకోండి" అన్నాడు. ఆవిడ ముందే అన్నాడు. ఆవిడ గోడలాగా వింది.

రాదనుకోవాలట. నేనెందుకనుకోవాలి.

5, గురువారం

అనుకోను.

7, శనివారం

మందులన్నీ కిటికీ గూట్లో చిందరవందరగా ఉన్నాయని అమ్మాయి విసుక్కుంది. "ఒక బుట్టేదన్నా తెచ్చి అందులో పెట్టకూడదా నాన్నా?" అంది. వాళ్ళది పై వాటా, మాది కింది గది. ఆఫీసుకి పోతూ ఒకసారి, వచ్చాక ఒకసారి దిగుతుంది. పాపం పరుగే దాని బతుకు.

చేతిపనుల బజారుకి వెళ్ళాను. ఒంటరిగా వెళ్ళడం ఇదే మొదలు. పెళ్ళయినప్పటినుంచీ ఆవిడ వెనకే వెళ్ళాను. ఇరుకు సందు. ఒక పక్క ఇత్తడి మీద సుత్తి దెబ్బలు, ఒక పక్క పేము బుట్టలు, నెత్తికి తగిలేట్టు అద్దకం దుప్పట్లు. మెడలో కెమెరాలు వేసుకుని చూడవచ్చినవాళ్ళు. ఆవిడకి ఆ సందు పుట్టిల్లు. వస్తువు చేతిలోకి తీసుకుంటుంది. తిప్పుతుంది. ఎక్కడో ఒక లోపం పట్టుకుంటుంది. ధర అడుగుతుంది, తన ధర చెబుతుంది, కింద పెట్టి నడుస్తుంది. వెనక్కి చూడదు. అమ్మేవాడు పిలవాల్సిందే. పిలుస్తాడు.

నేను చూస్తాను. అదే నా జబ్బు. ఆవిడ పక్కన నడుస్తూ ఒక్కసారి వెనక్కి తిరుగుతాను, వాడు నా మొహం చూస్తాడు, అంతే. మా అవసరం వాడికి తెలిసిపోతుంది, ఇక పిలవడు. "అత్తారింటికి పోయే పెళ్ళికూతురిలా ఆ చూపులేంటయ్యా!" అని తిట్టి తిట్టి, చివరికి సందు మొదట్లో పంపు దగ్గర గోడవైపు తిప్పి నిలబెట్టడం మొదలెట్టింది. బేరం తెగాక వచ్చి భుజం తట్టేది. నేను సంచీ అందుకునేవాణ్ణి. మా సంసారం అలా నడిచింది. బాగానే నడిచింది.

బుట్టలామె ధర చెప్పింది. ఇచ్చేశాను. ఆమె డబ్బు పట్టుకుని అలాగే నిలబడింది.

"ఏంటి పెద్దాయనా, బేరమాడవా? నేనేదో మొదలెట్టడానికి చెప్పాను."

"ఫర్వాలేదు" అన్నాను. జాలేసిందో ఏమో, ఒక మూత కూడా ఇచ్చింది. ఆ బుట్టకి పట్టని మూత.

ఇంటికొచ్చి మంచం పక్కన పెట్టి మందులు సర్దుతున్నాను. ఆవిడ ఎడమ చెయ్యి వచ్చింది. అంచు తడిమింది. అడుగు తడిమింది. మూత పెట్టి చూసింది. పట్టలేదు. నా వైపు చూసింది.

"ఎం...త?"

వీధిలో ఎవరో అన్నారనుకున్నాను. కిటికీలోంచి తొంగి చూశాను కూడా.

"ఎంత?"

వంకరగా వచ్చింది, నాలుక మడత పడ్డట్టు. అయినా ఎంత అంటే ఎంతే. చెప్పాను. ఆవిడ కళ్ళు మూసుకుంది. మొహంలో కుడి సగం కదల్లేదు. ఎడమ సగం కోపంతో ఎర్రబడింది. ఆ కోపం చూసి ఎన్నాళ్ళయింది! నాకు నవ్వొచ్చింది. ఇంకేం రాలేదు.

పైకెళ్ళి అమ్మాయికి చెప్పాను. చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తుకొచ్చింది. "అమ్మా! ఏమన్నావమ్మా? ఏదీ, నాకోసం ఇంకోసారి అనమ్మా." ఆవిడ మళ్ళీ గోడ.

అమ్మాయి నా భుజం మీద చెయ్యి వేసి, "నువ్వు కొంచెం పడుకో నాన్నా" అంది.

నేను విన్నాను. ఎవరేమన్నా అనుకోనీ.

9, సోమవారం

ఇవాళ చెక్క గరిటె. మోసపోయాను. కావాలనే.

ఆవిడ గరిటె ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. "ఎంత?" అంది, ఈసారి తొందరగానే. చెప్పాను.

"సి...గ్గు లే...దూ?"

లేదన్నాను. రెండు మాటలు! ఈ ఇంట్లో రెండు మాటలు.

10, మంగళవారం

గుమ్మంలో వేసే కొబ్బరి పీచు పట్ట. మోసపోయాను. కావాలనే. "సిగ్గు లేదూ" నిన్నటికన్నా నున్నగా వచ్చింది.

అల్లుడు మర్యాదస్తుడు. గది నిండా సామాన్లు చూసి, "మామయ్యగారూ, మీకు కాలక్షేపం కావాలంటే దగ్గర్లో పార్కుంది కదా" అన్నాడు. అమ్మాయి మాత్రం పీచు పట్టని కాలితో తోసి, "ఇప్పుడు దీనితో ఏం చేయాలి?" అంది. వాళ్ళమ్మ అక్కడే ఉంది. ఆవిడ ముందే, "అమ్మ ఉంటే ఇవన్నీ ఇంట్లోకి రానిచ్చేదా?" అంది.

అమ్మ ఉంటే!

ఆవిడ కళ్ళు ఒక్కసారి అమ్మాయి వైపు తిరిగి, మళ్ళీ పైకప్పుకి పోయాయి. నేను చూశాను.

12, గురువారం

రాత్రి భోజనాలయ్యాక ఇద్దరూ కిందికొచ్చి కూర్చున్నారు. ఇద్దరూ కలిసి దిగారంటే ఏదో ఉందనే.

ఊరి బయట ఒక సెంటరుందట. మంచాన పడ్డవాళ్ళని పెట్టుకుని చూసుకుంటారట. పొద్దస్తమానం నర్సులుంటారట. కిటికీలోంచి చెట్లు కనిపిస్తాయట.

"అమ్మని నేను వదిలించుకుంటున్నానని అనుకోకు నాన్నా. నాకు సెలవుల్లేవు. ఆమెని ఎత్తి దించడానికి నీకు నడుం లేదు. మొన్న బాత్రూములో ఇద్దరూ పడబోయారా లేదా?"

పడబోయాం. నిజమే.

"అమ్మకి మనమెవరో, ఎక్కడుందో కూడా తెలుస్తున్నట్టు లేదు. ఇక్కడున్నా అక్కడున్నా ఆమెకి ఒకటే."

"పంపను" అన్నాను.

"నాన్నా..."

"పంపను."

అల్లుడు చేతులు చూసుకున్నాడు. అమ్మాయి ఏడ్చింది. అది ఏడిస్తే నేను తట్టుకోలేను, చిన్నప్పటినుంచీ అంతే. అయినా ఆ మాట వెనక్కి తీసుకోలేదు. నీళ్ళ ట్యాంకు దగ్గర వాల్వులు తిప్పే పని చేశాను రిటైరయ్యేదాకా. పెద్ద వాల్వు బిగిసిపోతే మాటలతో రాదు, కాలు తన్నిపట్టి తిప్పుతూ ఉండాలి. తిరిగేదాకా.

వచ్చే బుధవారం సెంటరు నుంచి ఒకామె చూడ్డానికి వస్తుందట. "చూసి వెళ్ళనీ, అంతే కదా" అంటున్నారు. చూసి వెళ్ళడమే అయితే ఇంత గొంతు తగ్గించి చెప్పడం ఎందుకు?

13, శుక్రవారం

దుప్పట్ల కొట్టుకి వెళ్ళాను. ఆ కొట్టాయన పేరు ఆవిడకీ తెలీదు, నాకూ తెలీదు. ఆవిడ పెట్టిన పేరు ఆఖరిమాట. ఏ ధర చెప్పినా "ఇదే ఆఖరి మాటక్కా" అంటాడు. తర్వాత ఇంకో ఆఖరి మాట చెబుతాడు. ఆవిడని అక్కా అంటాడు గనక నన్ను బావగారూ అంటాడు. వాళ్ళిద్దరూ గట్టిగా దెబ్బలాడుకుంటే పక్క కొట్లవాళ్ళు పని ఆపి వినేవారు. నాకు పంపు దగ్గరికి వినిపించేది.

ఆవిడకి జబ్బు చేసిన ముందురోజు కూడా అక్కడికే వెళ్ళాం. నీలం దుప్పటి ఒకటి నచ్చింది. బేరం కుదర్లేదు, నడిచింది. ఆ రోజు ఆఖరిమాట పిలవలేదు. ఎన్నడూ లేనిది. ఆవిడ పంపు దగ్గరికొచ్చి భుజం తట్టి, "రేపు పిలుస్తాడు చూడు" అంది. ఆ రేపు ఆస్పత్రిలో తెల్లారింది.

నన్ను చూసి ఆఖరిమాట స్టూలు వేశాడు. జబ్బు సంగతి విన్నాడట. ఎలా ఉందని అడగలేదు. అడక్కపోవడం నాకు బాగుంది. ఆ నీలం దుప్పటి ఉందా అన్నాను. అడుగునుంచి తీశాడు. కాగితం చుట్టి దాచి ఉంచాడు.

"చెప్పింది ఇస్తాను, ఇచ్చెయ్" అన్నాను.

"నీకివ్వను బావగారూ."

"అదేంటి?"

"నీతో నాకు బేరమెక్కడిది? ఇది అక్కకీ నాకూ నడుస్తున్న బేరం. ఇంకా తెగలేదు." మళ్ళీ కాగితం చుట్టేశాడు. "నీకమ్మితే రేపు అక్క వచ్చి, పిచ్చి మనిషిని చేసి తల గొరిగావా అని నా పీక పట్టుకుంటుంది. నాకెందుకొచ్చిన గొడవ?"

రేపు అక్క వచ్చి అన్నాడు. ఈ ఊళ్ళో ఆ మాట అన్నవాడు ఇతనొక్కడే.

15, ఆదివారం

ఇవాళ నవ్వులపాలయ్యాను.

దువ్వెనలవాడి దగ్గర చెక్క దువ్వెన తీసుకున్నాను. ధర చెప్పాడు. ఏ జేబులో పెట్టానా అని ఆలోచిస్తూ నిలబడ్డాను. తగ్గించాడు. నేనింకా జేబు తడుముకుంటున్నాను. ఇంకా తగ్గించాడు. "అబ్బ, నువ్వు గట్టివాడివి పెద్దాయనా, నోరు విప్పకుండానే చంపుతున్నావు" అని ఇంకొంచెం దిగాడు.

నాకు కంగారు పుట్టింది. ఇంత తక్కువకి తీసుకెళితే ఆవిడ ఎందుకు తిడుతుంది? "వద్దు బాబూ, ముందు చెప్పిందే తీసుకో" అన్నాను. వాడు నా వైపు అనుమానంగా చూశాడు. నా నోటు తీసుకుని వెలుతురుకి పట్టి అటూ ఇటూ తిప్పాడు, దొంగనోటేమోనని. నోటు మంచిదేనని తేలాక కూడా ఎక్కువ తీసుకోనన్నాడు. ఎవరో నవ్వారు. ఒక కెమెరా ఆయన ఫోటో తీశాడు. చెవులు కాలిపోయాయి. దువ్వెన జేబులో కుక్కుకుని వచ్చేశాను.

ఇంటికొచ్చి ఆవిడకి చాలా ఎక్కువ ధర చెప్పాను. దువ్వెన పళ్ళ మీద బొటనవేలు లాగింది. నన్ను చూసింది. చాలాసేపు చూసింది.

"అబ...ద్ధం."

కొత్త మాట! నేను చప్పట్లు కొట్టాను. ఆవిడ దువ్వెన నా మీదికి విసిరింది. ఎడమ చేత్తోనైనా గురి బాగానే ఉంది.

నాకు అబద్ధమాడటం రాదని డాక్టరుకి తెలీదు, అమ్మాయికీ తెలీదు. ఆవిడకి తెలుసు. మనమెవరో తెలీదట!

18, బుధవారం

సెంటరామె వచ్చింది. మంచి మనిషే. చెప్పులు బయట విడిచి వచ్చింది. కానీ చంటిపిల్లతో మాట్లాడినట్టు, చెవిటివాళ్ళతో మాట్లాడినట్టు మాట్లాడింది.

"అమ్మమ్మా! ఇదేంటో చెప్పు, పెన్ను! చెప్పు, పెన్ను!"

ఆవిడ పైకప్పు చూసింది.

"ఈ అమ్మాయెవరు? మీ అమ్మాయేనా? అవునంటే చెయ్యెత్తు అమ్మమ్మా!"

ఎడమ చెయ్యి దుప్పటి మీద కదలకుండా పడి ఉంది. నన్ను కొట్టిన చెయ్యి.

నేను ఉండలేకపోయాను. బుట్ట తెచ్చాను, గరిటె తెచ్చాను, పీచు పట్ట తెచ్చి మంచం మీదే పరిచాను. "దీనికెంత ఇచ్చానో చెప్పనా? చెప్పనా?" అని అరిచాను. ధరలు చెప్పాను, ఉన్నవీ లేనివీ. ఒక్క మాట రాలేదు. సెంటరామె, అమ్మాయి, అల్లుడు ముగ్గురూ ఆవిడని వదిలేసి నన్ను చూడటం మొదలెట్టారు. సెంటరామె అమ్మాయి వైపు తిరిగి మెల్లిగా, "నాన్నగారికి కూడా విశ్రాంతి కావాలి" అంది.

సోమవారం బండి పంపుతారట. అక్కడ ఒక గది ఖాళీ అవుతోందట.

వాళ్ళు పైకి వెళ్ళిపోయాక బుట్ట, గరిటె తీసి సర్దుతున్నాను. కోపమొచ్చింది. ఆవిడ మీద. "ఒక్క మాట అంటే ఏం పోయేది? ఒక్కటి!" అన్నాను. ఇన్నేళ్ళలో ఆవిడని నేను కసిరింది ఇదే.

గరిటె గూట్లో పెడుతుంటే అంది. "నవ్వు...తారు."

కూర్చుండిపోయాను.

సందులోకొస్తే సుత్తి దెబ్బలు ఆగేంత నోరు ఆవిడది. ఇప్పుడొచ్చే ఈ ముక్కలు కూతురి ముందు ఏరుకోవడం ఆవిడ వల్ల కాదు. వింటే అది నవ్వకపోయినా జాలిపడుతుంది, అది ఇంకా ఘోరం. నా ముందు ఏ సిగ్గూ లేదు. నేనెలాగూ దద్దమ్మనే గదా.

సిగ్గు సంగతి నాకు తెలుసు. నా అంత తెలిసినవాడు లేడు. అందరూ తెలీదనుకుంటున్నారు గానీ, తెలిసే నోరు కట్టేసుకుంది. ఆవిడదీ నా రోగమే అయితే మందు కూడా నేనే వెతకాలి.

19, గురువారం

ఆఖరిమాట దగ్గరికి వెళ్ళాను. శనివారం ఆవిడని తీసుకొస్తానన్నాను. ఒక్క సాయం అడిగాను. "ఆవిడ నడిచేటప్పుడు నువ్వు పిలువు. తేడా ఏమున్నా నేను తర్వాత ఇచ్చుకుంటాను."

లేచి నిలబడ్డాడు. ఇంత కోపంగా ఎప్పుడూ చూళ్ళేదు.

"నాటకమా? అక్కతోనా? బావగారూ, ఆవిడకి కాలూ చెయ్యీ పడిపోయాయి గానీ కళ్ళు పడిపోలేదు. నేను జాలితో పిలిస్తే గొంతులోనే పట్టేస్తుంది. ఆ తర్వాత నా మొహం చూస్తుందా?"

"మరి పిలవవా?"

"ధర నచ్చితే పిలుస్తా. నచ్చకపోతే పిలవను. కిందటిసారి పిలిచానా? తీసుకురా."

అయితే పిలవకపోవచ్చు. పిలవకపోతే ఆవిడ ఏమవుతుంది? ఇన్నాళ్ళూ ఎంత, సిగ్గు లేదూ అని కూడబెట్టినదంతా అక్కడే ఒలికిపోతుందేమో.

తీసుకెళ్తాను.

20, శుక్రవారం

అమ్మాయి వాళ్ళమ్మ బట్టలు పెట్టెలో సర్దింది. సాయంత్రం నేను తీసి మళ్ళీ గూట్లో పెట్టాను.

21, శనివారం

ఎక్కడ మొదలెట్టాలో తెలీడం లేదు. వరసగా రాస్తాను.

సెంటరుకి కావలసిన సామాను కొనడానికి అమ్మాయీ అల్లుడూ పొద్దున్నే బయటికెళ్ళారు. నేను ఆవిడకి తల దువ్వాను, ఆ దువ్వెనతోనే. జడ వేయడం నాకు రాదు, ముడి చుట్టాను. అడిగాను. "నీలం దుప్పటి బేరం అలాగే ఉంది. పోదామా?"

ఆవిడ ముడి తడుముకుంది. బాగా కుదరలేదని తెలుస్తూనే ఉంది. "పద" అంది.

చక్రాల కుర్చీతో బజారుకి పోవడమంటే ఏమిటో తోసినవాడికి తెలుస్తుంది. రోడ్డు దాకా ఫర్వాలేదు. సందులోకి వచ్చేసరికి జనం. ఎవరూ కిందికి చూడరు, దుప్పట్లూ బొమ్మలూ చూస్తూ వెనక్కి వెనక్కి నడుస్తారు. ఒకాయన సంచీ ఆవిడ మొహానికి తగిలింది. నేను మెల్లిగా "కొంచెం" అన్నాను. వినిపించలేదు. మళ్ళీ "కొంచెం" అన్నాను. ఆవిడ తల పక్కకి తిప్పి నా వైపు చూసింది. ఆ చూపు నాకు తెలుసు.

"తప్పుకోండి!"

నా గొంతే. ఎప్పుడో పెద్ద గొట్టం పగిలినప్పుడు ఇలా అరిచాను. సందు సందంతా తిరిగింది. దారిచ్చారు. నేను ఇంకోసారి అరిచాను, అవసరం లేకపోయినా.

పంపు దాటాం. నేనెప్పుడూ ఆగిపోయే చోటు. ఆగలేదు.

ఆఖరిమాట మమ్మల్ని చూసి కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉన్నాడు. "ఏమక్కా, ఆలస్యమైందే?" అన్నాడు, మొన్ననే వచ్చి వెళ్ళినట్టు. దుప్పటి తీసి ఆవిడ ఒళ్ళో పడేశాడు. నీలం మీద తెల్ల చుక్కలు, అంచంతా చేపలు. ఆవిడ ఎడమ చెయ్యి అంచు వెంట మెల్లగా వెళ్ళింది. ఒక్కో చేప. ఒకచోట ఆగింది.

"కన్ను... లేదు."

ఆఖరిమాట ముందుకి వంగాడు. నిజంగానే ఆ ఒక్క చేపకి కన్ను పడలేదు.

"నిద్రపోతోందక్కా."

"చేప... నిద్రా?"

పక్క కొట్టు ఇత్తడాయన సుత్తి ఆపాడు. బుట్టలామె లేచి వచ్చింది. ఆవిడ మొహం కొంచెం వాడింది, అందరూ చూస్తున్నారు. నోరు మూసుకుంటుందేమో అనుకున్నాను.

"ఎంత?" అంది.

చెప్పాడు. ఆవిడ ఎడమ అరచెయ్యి నిలువునా పెట్టి గాల్లో కోసింది. "సగం."

"సగమా! సగానికి నూలు కూడా రాదక్కా. అద్దినవాడికి ఏం పెట్టను, చేపలా? ఇదిగో, నీకు గనక ఇది. ఇదే ఆఖరి మాట." కొంచెం దిగాడు.

"సగం."

"అక్కా, ఇది ఆఖరి మాట. పిల్లల మీద ఒట్టు."

"మోసం" అంది ఆవిడ. చక్కగా, వంకర లేకుండా. దుప్పటిని ఎడమ చేత్తో ఒళ్ళోంచి తోసింది. సగం జారింది, సగం కుర్చీకి చిక్కుకుంది. ఎవరూ సాయం చేయలేదు. మంచిపని చేశారు. ఇంకోసారి తోసింది, పోయి కొట్లో పడింది.

"నడువు."

నాతో అంటోంది. అప్పుడు తెలిసింది. ఆవిడ నడవాలంటే నేను నడవాలి. ఆవిడ వెనక్కి చూడకూడదంటే నేను చూడకూడదు.

కుర్చీ తిప్పాను. చక్రం రాయికి తన్నుకుంది. ఆపి, నొక్కి, ఎత్తి, మళ్ళీ తోశాను. వెనక ఏ చప్పుడూ లేదు. ఇత్తడి కొట్టు దాటింది. పిలవలేదు. బుట్టలు దాటాయి. పిలవలేదు. మెడ దానంతటదే తిరుగుతానంటోంది. దువ్వెనలవాడు నా మొహంలోకి చూస్తున్నాడు. నేను ఆవిడ ముడి మీద చూపు పెట్టుకుని తోస్తున్నాను. వదులుగా చుట్టాను, ఊడిపోతోంది. పిలవలేదు.

ఎదురుగా పంపు. పంపు దగ్గరికి అమ్మాయి పరుగెత్తుకొస్తోంది. ఒక కాలికి ఒక చెప్పు, ఇంకో కాలికి ఇంకో జత చెప్పు. ఇల్లు ఖాళీగా చూసి వచ్చినట్టుంది. నన్ను తిట్టడానికి నోరు తెరిచింది.

తెరిచినది అలాగే ఉండిపోయింది. చూపు నన్ను దాటి వెనక్కి పోయింది.

"నాన్నా, వెనక ఆయన..."

నేను ఆగబోయాను. నిజం రాయాలి గదా, కాళ్ళు ఆగాయి.

"ఆగకు!" అంది ఆవిడ.

గట్టిగా. కూతురి ముందు. పంపు దగ్గర నీళ్ళు పడుతున్నవాళ్ళు కూడా తిరిగి చూశారు.

"అమ్మా?" అంది అమ్మాయి.

"ఆగకు!" అంది మళ్ళీ. నాతోనో, దానితోనో.

అప్పుడు వినిపించింది. "అక్కా! ఓ అక్కా! సగం కాదు గానీ, ఆగు తల్లీ! నీకో దణ్ణం, ఆగు!"

ఆవిడ ఎడమ చెయ్యి ఎత్తింది. ఆపాను. కుర్చీ సరిగ్గా పంపు దగ్గర ఆగింది.

ఆఖరిమాట రొప్పుతూ వచ్చాడు, భుజం మీద దుప్పటి. అతను కొట్టు దిగి రావడం ఆ సందులో ఎవరూ చూళ్ళేదట, బుట్టలామె చెప్పింది. జాలితో వచ్చాడా? అతని కళ్ళు ఎర్రగా ఉన్నాయి, నిజంగా కోపంగానే ఉన్నాడు. వచ్చి కూడా ఇంకో ఆఖరి మాట చెప్పాడు. ఆవిడ ఇంకోసారి కన్ను లేని చేపని చూపించింది. అలా తెగింది బేరం. సగం కాదు. సగానికి దగ్గర.

అమ్మాయి పంపు గోడకి ఆనుకుని ఏడుస్తోంది. ఆవిడ దాని వైపు చూసి, "డబ్బు ఇవ్వు" అంది.

నేను వెనక్కి చూళ్ళేదు. ఇది రాసిపెట్టుకుంటున్నాను. కాళ్ళు ఆగాయి, సరే. తల తిరగలేదు.

22, ఆదివారం

దుప్పటి పరిచాం. ఎక్కువే ఇచ్చామంటోంది.

23, సోమవారం

పొద్దున అమ్మాయి కిందికొచ్చి వాళ్ళమ్మ కాళ్ళ దగ్గర కూర్చుంది. ఆఫీసు టైమైనా లేవలేదు. కన్ను లేని చేపని వేలితో రుద్దుతోంది. ఏదో అడగాలని, అడగలేక. ఆవిడకి ఇంకా బిడియంగానే ఉంది. ఇద్దరూ దొంగల్లా ఒకరినొకరు చూసుకుంటున్నారు. నేను మందులు సర్దుతున్నాను.

ఫోను మోగింది. సెంటరామె. బండి బయల్దేరుతోందట. అమ్మాయి నా వైపు చూసింది, వాళ్ళమ్మ వైపు చూసింది. "అంటే... ఒక్క నిమిషం మేడమ్..." అని నసిగింది.

"ఎంత...ట?" అంది ఆవిడ.

అమ్మాయి ఫోను కింద పడేయబోయింది.

"నెలకి. ఎంతట?"

అమ్మాయి ఏడుస్తూ నవ్వుతూ స్పీకరు పెట్టి ఫోను ఆవిడ మొహం దగ్గర పట్టుకుంది. సెంటరామె పాపం మర్యాదగా చెప్పింది. నర్సులకింత, గదికింత, చెట్లు కనిపించే కిటికీ గనక కొంచెం ఎక్కువ.

ఆవిడ శ్రద్ధగా వింది. మొహంలో ఎడమ సగం ఎర్రబడింది.

"సిగ్గు లేదూ?"

ఆవిడ నా వైపు తిరిగి గడ్డంతో గుమ్మం చూపించింది. కుర్చీ తిప్పాను. ఎండ బాగుంది, వీధి చివరిదాకా పోయొద్దామనుకున్నాం.

వెనక ఫోన్లో ఆమె పిలుస్తూనే ఉంది. "అమ్మా... హలో, అమ్మా... కావాలంటే కొంచెం తగ్గించి చూస్తామమ్మా..."

మేం ఆగలేదు.